ఇంకొంచెం వేద్దాం సార్!

మా బడిలో సైన్సు ల్యాబంటే ఒక ఆకుపచ్చ బీరువా. దాని తాళంచెవి హెడ్మాస్టారి సొరుగులో ఉంటుంది, ఆ సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. లోపల రెండు డజన్ల పరీక్షనాళికలు, మూతి విరిగిన బ్యూరెట్టు ఒకటి, సీసాలో నానుతున్న కప్ప ఒకటి. సర్వీసులో ఆ కప్ప నాకంటే సీనియరు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసాకి లేబుల్ లేదు. ఆ ఆవిరే ఏళ్ల తరబడి కాగితాన్ని కొరుక్కుతినేసింది. తన పేరు తానే తినేసిన పదార్థాన్ని నమ్మడమెలాగని నేనూ దాని జోలికి పోలేదు.

పరీక్షనాళిక ఒకటి పగిలితే స్టాకు రిజిస్టర్లో రాయాలి. ఎప్పుడు, ఎవరి చేతిలో, ఎందుకు అని మూడు గడులుంటాయి. 'ఎందుకు' అనే గడిలో ఏం రాయాలో ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. అందుకని నాళికలు పగలకుండా ఉండే ఉత్తమ మార్గాన్ని మా ముందుతరం మాస్టార్లే కనిపెట్టారు. వాటిని బయటికి తీయకూడదు. ఇన్‌స్పెక్షన్ ముందురోజు మాత్రం అన్నీ దింపి, తుడిచి, బొమ్మల కొలువులా పేర్చి, అయ్యాక మళ్ళీ అటకెక్కించేవాళ్ళం.

ఇలా బండి సాఫీగా నడుస్తుండగా, ఏడో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలైంది. 'ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎరుపుగా మారుస్తాయి' అని తరగతి మొత్తం ఎక్కాల రాగంలో అప్పజెబుతోంది. రెండో బెంచీ పిల్ల లేచింది.

"సార్, లిట్మస్ అంటే కాయా, పండా?"

రాళ్ల మీదా చెట్ల బెరడు మీదా పెచ్చులుగా పెరిగే లైకెన్ల నుంచి తీసే రంగమ్మా అని చెప్పాను. "మీరు చూశారా సార్?" అంది. చూడలేదు. చూసిందల్లా దాని రంగు పట్టించిన కాగితమే. పిల్ల కూర్చుంది. చూడని పెళ్ళికొడుకుని వర్ణించే పెళ్ళిళ్ళ పేరయ్యలా నేను మాత్రం నిలబడే ఉన్నాను.

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టారి గదికి వెళ్ళాను. పిల్లల చేత వాళ్ళ చేతులతోనే ప్రయోగాలు చేయిస్తానన్నాను.

"పేలేవి ఏమైనా ఉన్నాయా మాస్టారూ?"

"పేలవండి. పొంగుతాయి."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. "పొంగితే తుడుచుకోవచ్చు. సరే కానివ్వండి. బీరువా మాత్రం అడక్కండి."

బీరువా దొరక్కపోవడమే మేలయింది. సామాను కోసం కిరాణాకొట్టుకి వెళ్ళాను. తినేసోడా అరకిలో, వెనిగర్ నాలుగు సీసాలు, నిమ్మకాయలు రెండు డజన్లు, పసుపు, కిళ్ళీ సున్నం. కొట్టాయన పొట్లం కడుతూ, "పునుగుల బండి పెడుతున్నారా మాస్టారూ? జీతాలు సరిగ్గానే వస్తున్నాయిగా?" అని జాలిగా అడిగాడు.

కళ్ళకి రక్షణ ఉండాలని పిల్లలకి ముందే చెప్పాను. కళ్ళజోడు ఏదైనా సరే తెచ్చుకోమన్నాను. మర్నాడు తరగతిలోకి అడుగుపెడితే, నలభైమందిలో ముప్పైమంది నల్లటి కూలింగ్ గ్లాసులు పెట్టుకుని చేతులు కట్టుకుని కూర్చున్నారు. తండ్రులవి, అన్నలవి, తిరునాళ్ళలో కొన్నవి. ఒక్కసారిగా ముప్పైమంది సినిమా హీరోలు ఎంట్రీ ఇచ్చినట్టుంది. ఒకడు మాత్రం వాళ్ళ తాతగారి శుక్లాల ఆపరేషన్ నాటి పచ్చద్దాలు తెచ్చాడు. నిజానికి చెంపల దాకా కప్పి ఉన్నవి అవొక్కటే. మొదటి వరసలో వాణ్ణి కూర్చోబెట్టాను.

మొదటి ప్రయోగం సోడా, వెనిగర్. ఇందులో లెక్క ఉంది. చెంచాడు తినేసోడా, అంటే సుమారు 5 గ్రాములు, పూర్తిగా కరిగి పొంగాలంటే బజారులో దొరికే 4 శాతం వెనిగర్ దాదాపు 90 మిల్లీలీటర్లు కావాలి. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ లీటరు పైనే ఉంటుంది. ఇదంతా బోర్డు మీద చక్కగా వేశాను. అర లీటరు సీసాలో లీటరు పైన గ్యాసు పట్టదు కాబట్టి మూతి తెరిచే ఉంచాలి, ఎవరూ మూయకూడదు అని కూడా చెప్పాను. 'మూయకూడదు' అన్న మాటలో 'కూడదు' చెవికెక్కేలోపే 'మూయ' అన్నది చేతికెక్కేసింది. చివరి బెంచీవాడు బొటనవేలు అడ్డం పెట్టాడు. సీసా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత వాడి వేలు పక్కకి జారింది.

నురగ నేరుగా ఫ్యాను మీదికి పోయింది. ఫ్యాను తిరుగుతోంది. పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్టు తరగతి మొత్తానికి సమానంగా పంచిపెట్టింది. వాసన మాత్రం పన్నీరుది కాదు. పులిసిన ఆవకాయ జాడీ మూత తీసినట్టుంది. ఒక నిమిషం నిశ్శబ్దం. ఆ తర్వాత, నేను ఏ తిట్టు ఎంచుకోవాలా అని ఆలోచిస్తుండగా, మొదటిసారి వినబడిందా మాట.

"ఇంకొంచెం వేద్దాం సార్!"

పిల్లలతో ప్రయోగాలు చేసినవాళ్ళెవరైనా ఈ మాట వినే ఉంటారు. పాఠ్యపుస్తకంలో గ్రాములుంటాయి, మిల్లీలీటర్లుంటాయి. పన్నెండేళ్ళ బుర్రలో ఉండే కొలత ఒక్కటే, ఇంకొంచెం. ఈ మాట వింటే నాకు మొదట్లో గుండె జారేది. సరే, సోడాయేగా, వేయండిరా అన్నాను. అంతే వెనిగర్‌లో ఈసారి ఐదు చెంచాలు వేశారు. పొంగు మాత్రం పాతంతే వచ్చింది. అడుగున తెల్లగా సోడా మిగిలిపోయింది.

"సోడా నకిలీది సార్, కొట్టాయన మోసం చేశాడు."

ఆయన నోటికి పని పెట్టడం ఇష్టంలేక సమాధానం మీరే చెప్పండర్రా అన్నాను. కిటికీ పక్క పిల్ల, ఎప్పుడూ నోరెత్తదు, మెల్లగా లేచింది. "మా అక్క పెళ్ళిలో పప్పుచారు అయిపోయింది సార్. అన్నం గంగాళం నిండా ఉంది. ఇంకొకళ్ళు కూడా తినలేదు." ఒక్క క్షణం ఆగి, "ఇక్కడ వెనిగరే పప్పుచారు సార్" అంది.

డిగ్రీలో ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఒక పూర్తి టర్మూ, ఒక సప్లిమెంటరీ పరీక్షా పట్టాయి. ఆ రోజు సుద్దముక్క కింద పెట్టేసి నేను కూడా ఒక బెంచీ మీద కూర్చున్నాను.

రెండోవారం రంగులు. మందారపూలు వేణ్ణీళ్ళలో నానేస్తే వచ్చే రంగులో నిమ్మరసం పిండితే ముదురు గులాబీ, సోడా కలిపితే ఆకుపచ్చ. 1664లోనే రాబర్ట్ బాయిల్ అనే ఆయన వయొలెట్ పూల పాకంతో ఇలాగే ఆమ్లానికి ఎరుపు, క్షారానికి పచ్చ చూసి పుస్తకంలో రాశాడని చెప్పాను. పై తరగతుల్లో బాయిల్ నియమం అంటూ పీడనం, ఘనపరిమాణం పెట్టి మిమ్మల్ని ఏడిపించబోయేది ఈయనే అని కూడా చెప్పాను. ముందే తెలిస్తే కాస్త మంచిది కదా.

పసుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా పాఠం ఎవరికీ అక్కర్లేకపోయింది. పసుపునీళ్ళలో సున్నం పడగానే ఎర్రబడింది. "అయ్యో, ఇది మా నాయనమ్మ చేసేదే సార్! ఎర్రనీళ్ళు! దిష్టి తీసి వీధిలో పారబోస్తుంది." పక్కవాడు అందుకుని పారాణి అన్నాడు. ఇంకొకతె కుంకం అంది. నేను 'సూచిక' అనే మాట బోర్డు మీద రాసేలోపు తరగతిలో సగంమంది నాయనమ్మలు, అమ్మమ్మలు రసాయన శాస్త్రవేత్తలైపోయారు. అందరూ ఎర్రనీళ్ళు తీసి పరస్పరం దిష్టి తీసుకున్నారు. ఆ దారినే రౌండ్లకి వచ్చిన హెడ్మాస్టారికి కూడా ఎవరో భక్తిగా తీయబోయారు. కాకపోతే వాడి గ్లాసులో ఇంకా సున్నం కలపలేదు. ఆయన తెల్లచొక్కా మీద, సరిగ్గా జేబు దగ్గర, అరచేయంత పసుపు మరక.

ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకుండా వెళ్ళిపోవడం తిట్టడంకంటే ప్రమాదం.

సోమవారం పొద్దున్నే పిలిచారు. ఆదివారం వాళ్ళావిడ ఆ చొక్కాకి సబ్బు రుద్దారట. మరక పోకపోగా ఎర్రగా నెత్తుటి రంగుకి తిరిగింది. ఆవిడ చొక్కా పట్టుకుని హాల్లోకి వచ్చి, "ఎవరితో గొడవపడ్డారండీ? గుండె దగ్గర ఏంటిది?" అని ఒకటే కంగారు. పక్కింటివాళ్ళు కూడా పరామర్శకి వచ్చారట. పసుపండీ అంటే నమ్మేవాళ్ళెవరు? ఎదురుగా ఎర్రగా కనబడుతుంటే.

నేను సబ్బు క్షారమని, అందుకే పసుపు ఎరుపైందని నీళ్ళు నమలబోతున్నాను. ఇంతలో హాజరుపట్టీ ఇవ్వడానికి వచ్చిన ఏడో తరగతి పిల్ల గుమ్మంలోంచే, "నిమ్మకాయ రుద్దితే మళ్ళీ పసుపైపోద్ది సార్. తర్వాత తడిపి ఎండలో ఆరేయమనండి. పసుపు ఎండకి ఆగదు" అని చెప్పేసి పోయింది. బుధవారం ఆయన అదే చొక్కా వేసుకొచ్చారు. మల్లెపువ్వులా ఉంది. మధ్యాహ్నం అటెండరు నా దగ్గరికి వచ్చి, హెడ్మాస్టారు ఇమ్మన్నారని, బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

మూడోవారం 'ఏనుగు టూత్‌పేస్టు' గురించి ఎక్కువ చెప్పను. మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాస్త సబ్బునీళ్ళు, బేకరీ ఈస్ట్ కలిపితే ఆక్సిజన్ బయటపడి నురగ పైకి పాకుతుంది. పెద్ద పెద్ద ప్రదర్శనల్లో వాడేది చాలా గాఢమైన ద్రావణం. అది చేతికి తగిలితే కాలుతుంది, పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. మాకు దొరికిన పల్చటి సరుకుతో నురగ సీసా మూతి దాకా వచ్చి, కాస్త తొంగిచూసి, మొహమాటపడి ఆగిపోయింది. "ఏనుగన్నారు. ఇది మేకపిల్లకి కూడా చాలదు సార్" అని పచ్చద్దాలవాడు తీర్పు చెప్పాడు. ఇంకొంచెం అని ఎవరూ అడగలేదు. నాకది అవమానంగానే అనిపించింది.

ఆఖరివారం సున్నపుతేట. సున్నాన్ని నీళ్ళలో కలిపి రాత్రంతా ఉంచి పైన తేరిన నీటిని వంచుకుంటే చాలు. అందులోకి గొట్టంతో ఊదితే మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పాలలా తెల్లబడుతుంది. కొబ్బరిబొండాల బండి దగ్గర స్ట్రాలు తెచ్చాను. ఊదాలి, పీల్చకూడదు అని పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెబుతుండగా ఒకడు పీల్చాడు. కిళ్ళీలో సున్నం ఎక్కువైన మొహం పెట్టి పంపు దగ్గరికి పరిగెత్తాడు. నీళ్ళు పుక్కిలించి వచ్చి, పీల్చకూడదని మిగతావాళ్ళకి వాడే కాపలా కాశాడు.

అందరి గ్లాసులూ తెల్లబడ్డాయి. రాసుకోండర్రా, 'సున్నపుతేట తెల్లగా మారును' అన్నాను. అందరూ రాసుకుంటున్నారు. చివరి బెంచీవాడు మాత్రం, ఆ బొటనవేలి వీరుడే, గ్లాసు చేతుల చాటున దాచుకుని కూర్చున్నాడు. చూపించరా అంటే చూపించడు. పక్కపిల్ల లాక్కుని ఎత్తింది. గ్లాసులో నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఊదలేదా?"

"ఊదాను సార్. తెల్లగా అయింది. ఇంకొంచెం ఊదాను." తల దించుకున్నాడు. "పోయింది."

వాడు తేట తక్కువ పోసుకున్నాడు, తిడతానని నీళ్ళు కలిపాడు, నేను అటు తిరిగినంతసేపూ ఊదుతూనే ఉన్నాడు. పాడుచేశాననుకుంటున్నాడు పాపం. నేను వాడి గ్లాసు చేతిలోకి తీసుకుని కాస్త ఎక్కువసేపే చూశాను. ఊదగా ఊదగా, కరగని కాల్షియం కార్బొనేట్ కాస్తా కరిగిపోయే బైకార్బొనేట్‌గా మారిపోతుంది. ఈ సంగతి ఎన్నేళ్ళుగానో పదో తరగతికి బోర్డు మీద సమీకరణంగా రాస్తున్నాను. కళ్ళతో చూడటం అదే మొదలు. లిట్మస్ పిల్ల నా మొహంకేసే చూస్తోంది. దాని చూపు తప్పించుకోవడానికి స్పిరిటు దీపం వెలిగించి, ఆ తేటనీళ్ళని పరీక్షనాళికలో పోసి వేడిచేశాను. (ఆకుపచ్చ బీరువాలోదే. పగల్లేదు.) నెమ్మదిగా మళ్ళీ మసకబారింది. తరగతి గోల పైకప్పుకి తగిలింది.

మా ఇంట్లో బోరునీళ్ళు కాచే గిన్నెకి పట్టే తెల్లపెచ్చు ఇదేనా సార్ అని ఒకడు. ఇదేరా. అరకు దారిలో బొర్రా గుహలు చూశారా? వాననీళ్ళు గాలిలోంచీ మట్టిలోంచీ ఇదే గ్యాసు కలుపుకుని సున్నపురాయిని కరిగించాయి. ఆ నీళ్ళు పైనుంచి బొట్టుబొట్టుగా కారేచోట సున్నం మళ్ళీ పేరుకుని రాతి ఊడల్లా వేలాడుతోంది. చివరి బెంచీవాడు తల పైకెత్తాడు. "అక్కడ ఎవరు ఊదారు సార్ అంతసేపు?"

ఈ గోలకి హెడ్మాస్టారు రానే వచ్చారు. ఈసారి గుమ్మం అవతలే, మరకలు అందనంత దూరంలో నిలబడ్డారు. ఏమైందన్నారు. వాడే చెప్పాడు, తెల్లబడటం, పోవడం, మళ్ళీ రావడం. ఆయన నమ్మలేదు. కళ్ళజోడు సర్దుకుని లోపలికి వచ్చారు. వాడు శుభ్రమైన గ్లాసులో కొంచెం తేట పోసి, కొత్త స్ట్రా తీసి, రెండు చేతులతో అందించాడు. ఆయన అటూ ఇటూ చూసి, ఊదడం మొదలుపెట్టారు. పాలయ్యాయి. చాలా అన్నట్టు కనుబొమ్మలెగరేశారు.

వాడు పెద్దమనిషిలా ఆయన పక్కన నిలబడి గ్లాసులోకి వంగి చూశాడు.

"ఇంకొంచెం సార్."

ఆయన బుగ్గలు పూరించి ఊదుతున్నారు. అటెండరు లాంగ్ బెల్లు కొట్టాడు. కాసేపాగి, ఎవరూ బయటికి రాకపోవడం చూసి, గంటే మోగలేదనుకుని మళ్ళీ కొట్టాడు.