చిన్నగది శీతల శాస్త్రం: ఎచ్చెర్ల శాఖ

ఏ శాస్త్రం మొదలుపెట్టినా ముందు నాలుగు సంగతులు తేల్చాలన్నది పెద్దల ఆనవాయితీ. వాటికి అనుబంధ చతుష్టయం అని పేరు. విషయం: పది అడుగులకు పది అడుగుల గదిలో ఏ ఏసీ పెట్టాలి. ప్రయోజనం: నిద్ర. అధికారి, అంటే ఈ గ్రంథం చదవడానికి అర్హుడు: మే నెల అర్ధరాత్రి లేచి, తడిసిన బనీను పిండి, ఫ్యాను రెగ్యులేటరు ఐదు మీదే ఉందా అని మళ్ళీ చూసినవాడు. ఈ మూడింటినీ కలిపే సంబంధం: నెలవారీ వాయిదా. మొదటి వాయిదా కట్టాకగానీ చాలామందికి జిజ్ఞాస పుట్టదు. కట్టకముందే పుట్టించాలని ఈ ప్రయత్నం.

శాస్త్రం ఏ గడ్డ మీదిదో చెప్పకపోతే అన్వయం చెడుతుంది. ఢిల్లీవాళ్ళు చెప్పే ఏసీ సలహాలు శ్రీకాకుళం జిల్లాలో బెడిసికొట్టేది అందుకే. మా క్షేత్రం ఎచ్చెర్ల. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఊరు. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది, తరవాత ఇదే మండలంలోని ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. చదువు వచ్చిన చోటికి అద్దెగది వెంటబడి వస్తుంది. మేడ మీద మేడ, దాని మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒంటిగది. యజమాని దాన్ని పెంట్‌హౌస్ అంటాడు, అద్దెకున్నవాడు పొయ్యి అంటాడు. రెండో వైపు చూస్తే మండలం బుడగట్లపాలెం దగ్గర సముద్రంలో కాళ్ళు పెట్టుకుని కూచుంది. ఈ సముద్రాన్ని గుర్తుపెట్టుకోండి. శాస్త్రమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక చిన్నగదికి లక్షణం చెప్పాలి. వంద చదరపు అడుగులు మించనిది అంటే సరిపోదా అంటే, అది కొలత, లక్షణం కాదు. 'డబుల్ కాట్ వేశాక తలుపు సగమే తెరుచుకునేది' అని ఒక నిర్వచనం ప్రచారంలో ఉంది. తార్కికులు ఏ నిర్వచనంలోనైనా మూడు దోషాలు వెతుకుతారు. చాప పరుచుకునే విద్యార్థుల గదిలో అసలు మంచమే ఉండదు, అక్కడ ఇది చెల్లదు గనక అవ్యాప్తి. సారెలో వచ్చిన టేకు మంచం వేస్తే జమీందారు గదిలో కూడా తలుపు ఆగిపోవచ్చు గనక అతివ్యాప్తి. అసంభవ దోషం మాత్రం లేదు, కావాలంటే ఏ అద్దె ఇల్లయినా చూసి రండి. కాబట్టి సవరించిన లక్షణం: ఏసీ బిగించాలంటే ముందు బీరువా జరపాల్సి వచ్చే గది చిన్నగది. దీనికి ఇంతవరకు ఎవరూ దోషం చూపలేదు.

పూర్వపక్షం ఇలా ఉంటుంది. ఏసీ వేడికి విరుగుడు, ఎంత వేడికి అంత పెద్ద ఏసీ, ఇందులో శాస్త్రం ఏముంది? ఈ మతం వారు రాత్రి వార్తల్లో పల్నాటి రెంటచింతల పేరు పక్కన 44 డిగ్రీలు చూసి, అదే భయంతో పొద్దున్నే అంగడికి పోతారు.

దీనికి సమాధానం. పల్నాటి మనిషికి 44 డిగ్రీల్లో ఒళ్ళు మండుతుంది గానీ, వేపచెట్టు నీడకు చేరితే చెమట ఆరుతుంది. ఆరే చెమట ఒంటి వేడిని పట్టుకుపోతుంది. మనవాడు 34 డిగ్రీల్లో నీడలో కూచుని, పైన ఫ్యాను తిరుగుతుండగా, 'ఉక్కెత్తిపోతందిరా బావూ' అంటాడు. గాలి అప్పటికే సముద్రపు తేమ నిండా తాగి ఉంది, ఇంకో చుక్క పట్టదు. అందుకే చెమట ఆరదు, కారుతుంది. కనుక ఎచ్చెర్లలో శత్రువు పేరు వేడి కాదు, ఉక్క. వేడి దాని తోడబుట్టినవాడు మాత్రమే.

ప్రమాణం ఏమిటని అడిగేవారికి ప్రత్యక్ష ప్రమాణం వంటింట్లోనే ఉంది. సాయంత్రం ఒక అప్పడం వేయించి, తినకుండా (ఈ ప్రయోగంలో కష్టమైన భాగం ఇదే) పళ్ళెంలో పెట్టి గదిలో వదలండి. విరిస్తే చప్పుడు రాకుండా వంగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. గదిలో ఏసీ పెట్టాక అదే పరీక్ష మళ్ళీ చెయ్యండి. గోడ మీది అంకె 24 చూపిస్తూ, అప్పడం ఇంకా మెత్తబడుతూనే ఉంటే మీరు చల్లదనం కొన్నారు, సుఖం కొనలేదు. ఉప్పు జాడీని, అటక మీద బూజుపట్టిన తోలుచెప్పుల్ని కూడా సాక్షులుగా పిలవొచ్చు గానీ అప్పడానికున్న విశ్వసనీయత వాటికి లేదు.

శబ్ద ప్రమాణం కావాలన్నా ఉంది. ఏసీకి మూలపురుషుడు విల్లిస్ క్యారియర్ 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పెట్టడానికి ఆ యంత్రాన్ని రూపొందించింది మనుషుల కోసం కాదు, కాగితం కోసం. అక్కడొక ముద్రణాలయంలో గాలిలో తేమ హెచ్చుతగ్గులకు కాగితం సాగి ముడుచుకునేది. ఒక రంగు మీద ఇంకో రంగు అచ్చేసేసరికి బొమ్మ చెదిరిపోయేది. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపి అందులో నీటిని పిండెయ్యడం ఆయన పన్నిన ఉపాయం. అంటే ఈ యంత్రం పుట్టిందే ఉక్కను వదిలించడానికి. మన అదృష్టం కొద్దీ ఎచ్చెర్ల మనిషీ బ్రూక్లిన్ కాగితమూ ఒకే జబ్బుతో బాధపడ్డారు.

ఈ సిద్ధాంతం స్థిరపడితే కొన్ని మతాలు వాటంతటవే పడిపోతాయి. ముందుగా కూలర్ మతం. నీటికి గుర్తు చల్లని స్పర్శ అని అన్నంభట్టు తర్కసంగ్రహంలో తేల్చాడు. కూలర్ అమ్మేవాళ్ళ వాదమంతా దాని మీదే నిలబడింది. కానీ కూలర్ చల్లబరిచేది నీరు ఆవిరైతేనే. 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిని తడి గడ్డి గుండా పంపితే ఎంత గొప్ప కూలరైనా సుమారు 25 డిగ్రీల దాకా దించగలదు, అది దాని హద్దు. అదే 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న మన గాలికి హద్దు 30 దగ్గరే ఉంది. నాలుగు డిగ్రీల లాభానికి గదిలోకి బకెట్ల కొద్దీ తేమను పంపడం శత్రువుకు పెరుగన్నం పెట్టడమే. కూలర్ రెంటచింతలలో వైద్యుడు, ఎచ్చెర్లలో రోగానికి బంధువు.

చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీ సంగతి ఇంకా విచిత్రం. గోడకు చిల్లి పడదని అద్దెవాళ్ళు ముచ్చటపడతారు. ఒకే గొట్టం ఉన్న రకం గదిలోని గాలినే తీసుకుని, దాన్ని వేడెక్కించి కిటికీలోంచి బయటికి ఊదుతుంది. పోయిన గాలికి బదులు బయటి గాలి తలుపు కింది సందులోంచి లోపలికి వస్తుంది. ఏ ఉక్కనైతే వెళ్ళగొట్టాలని డబ్బు పోశామో దాన్నే ఆ యంత్రం ఎదురెళ్ళి ఆహ్వానిస్తుంది.

ఇప్పుడు అసలు వివాదం, టన్ను. అది యంత్రం బరువు కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఏమిటన్నది మాత్రం అమ్మేవాళ్ళలో కూడా చాలామందికి తెలీదు. యంత్రాలు రాకముందు చల్లదనమంటే మంచుగడ్డే. అమెరికా సరస్సుల్లో కోసిన మంచు 1833లో కలకత్తాలో ఓడ దిగింది, మద్రాసు తీరంలో మంచు దాచడానికి 1842లో ఒక భవనమే కట్టారు. అది ఇప్పటికీ ఉంది. ఒక అమెరికా టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని తాగుతుందో ఆ వేగమే ఏసీ టన్ను. లెక్కకు మూడున్నర కిలోవాట్లు. పడుకున్న మనిషి విడిచే వేడి వంద వాట్ల లోపే. భార్యాభర్తలు, ఫ్యాను, ఛార్జింగులో ఉన్న ఫోను, అన్నీ కలిపినా మూడు వందలు దాటడం కష్టం. పది బై పది గదికి ఒక టన్ను చాలనడానికి ఇంతకన్నా అనుమాన ప్రమాణం అక్కర్లేదు. కింది అంతస్తులో, ఎండ పడని గదైతే ముప్పావు టన్నుతోనే పని జరిగిపోతుంది.

అయినా జిల్లా అంతటా రాజ్యమేలుతున్నది ఒకటిన్నర టన్ను మతం. దీని పీఠాధిపతి అంగట్లో కౌంటరు వెనక ఉంటాడు.

'ఏటండి మేష్టారూ, ఒక టన్నా? గది సల్లబడేసరికి తెల్లారిపోతాది. ఒకటిన్నర ఎట్టించీండి.'

'గది పదికి పదేనయ్యా.'

'రేపు పెద్ద గదిలోకి మారరేటి? పన్ను కూడా తగ్గింది గదండీ.'

నిజమే, 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. దిగిన పన్నుతో అర టన్ను ఎక్కించుకోమని ప్రభుత్వం ఎక్కడా చెప్పలేదు, అది వ్యాఖ్యాతల చేర్పు. దీనికి వియ్యాలవారి భయం తోడైంది. సారెలో ఒక టన్ను ఏసీ పంపితే, మగపెళ్ళివారింటి పేరంటాళ్ళు గది కొలతలు అడగరు, టన్నులే అడుగుతారు.

పెద్దది కొంటే పోయేదేమిటంటే, నిద్రే. మామూలు రకం ఒకటిన్నర టన్ను యంత్రం చిన్నగదిని కొద్ది నిమిషాల్లో 24కు దించేసి, పని అయిపోయిందని కంప్రెసర్ ఆపేస్తుంది. గాలిలోంచి నీటిని పిండడానికి కంప్రెసర్ తిరుగుతూ ఉండాలి, చల్లని గొట్టాల మీద తేమ పేరుకుని బొట్టు బొట్టుగా జారాలి. అది ఆగాక కూడా లోపలి ఫ్యాను తిరుగుతుంది, తడి గొట్టాల మీది నీటిని మళ్ళీ గదిలోకే ఊదుతుంది. అప్పుడు చల్లటి తడిగుడ్డ కప్పుకున్నట్టుంటుంది. ఉక్క పోలేదని రిమోట్ నొక్కి 18కి దించుతారు, తెల్లారేసరికి దుప్పటి కప్పుకుంటారు, మధ్యాహ్నానికి తుమ్ముతారు. చిన్న యంత్రం నిదానంగా, ఆగకుండా నడిచి ఎక్కువ నీళ్ళు తీస్తుంది. ఇన్వర్టర్ రకమైతే కంప్రెసర్ పూర్తిగా ఆగదు, వేగం తగ్గించుకుని సాగుతుంది. అందుకే చిన్నగదికి అదే సరి. కాకపోతే దాని తగ్గుదలకూ ఒక హద్దుంది, అది ఉంది గదా అని మళ్ళీ ఒకటిన్నరకు పోకూడదు. పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచండి: ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినా నడిచేది కాదు. మేనత్తలు ఈ మాట నమ్మరు.

చుక్కల (స్టార్ రేటింగు) శాస్త్రం గురించి కొంచెం. కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ అంటించే లేబులు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లని రాసి ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి కట్టిన లెక్క. రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండొందల రోజులన్నమాట. ఏడాదిలో మూణ్ణెల్లే వేసేవాడికి ఐదు చుక్కల కోసం పోసిన అదనపు డబ్బు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, మూడు చుక్కలు చాలు. దసరా దాకా వేసేవాళ్ళు ఐదుకు పోవచ్చు. చుక్కల ఏసీ ఏదైనా 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బీఈఈ మాట. తేమ పోయిన గదిలో 26 మీద పెట్టి, పైన ఫ్యాను తిప్పుకుంటే మా ఊళ్ళో హాయిగా నిద్రపడుతుంది.

పై అంతస్తువారికి ఒక అపవాదం. స్లాబు పగలంతా ఎండ తాగి, మీరు భోంచేసి పడుకునే వేళకు కక్కడం మొదలుపెడుతుంది. ఆ గదిలో అసలు అతిథి అదే, మనుషులు కారు. దాని కోసం టన్ను పెంచడం కన్నా డాబా మీద తెల్ల సున్నం కొట్టించడం చౌక. యజమానిని ఒప్పించడం ఎలాగన్నది వేరే శాస్త్రం.

విండోనా స్ప్లిట్టా అన్నది చిన్న వివాదం. ఏడాదికో ఇల్లు మారే అద్దెవాడికి, కిటికీ దొరికితే, విండో మేలు. ఒకే పెట్టె, మోసుకుపోవచ్చు, గోడకు చిల్లి లేదు, చప్పుడు మాత్రం ఉంటుంది. మిగిలినవాళ్ళకు స్ప్లిట్. బయటి యూనిట్‌కు రాగి గొట్టాలు, ఉప్పుగాలికి ఆగే పూత ఉన్న రేకులు అడిగి తీసుకోండి, సముద్రం మొహమాటపడదు. డాబా మీద ఊరికే నిలబెట్టకుండా గోడకు బోల్టులు గట్టిగా వేయించండి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు చూసిన జిల్లా మనది. తిత్లీ తరవాత రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళలో తాటాకు విసనకర్రలే దిక్కయ్యాయి, వాటికి చుక్కలూ లేవు, టన్నులూ లేవు.

కాబట్టి సిద్ధాంతం: పది బై పది గదికి ఒక టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్. అది సరిగ్గా పనిచేస్తోందా లేదా అన్నది గదిలో అంకె చూసి కాదు, బయటి గొట్టం కింద బకెట్ పెట్టి చూసుకోండి. ఉక్క రాత్రి గడిచి తెల్లారేసరికి అందులో నీళ్ళు బాగా చేరాలి. మీరు డబ్బిచ్చి గదిలోంచి వెళ్ళగొట్టిన సముద్రం అదే. ఇల్లు తుడవడానికి పనికొస్తుంది, తాగడానికి కాదు. ఒక్క మనవి: మెకానిక్ నిచ్చెన దిగకముందే ఆ గొట్టం కొస ఎక్కడ పడుతోందో చూడండి. పక్కింటివారి వాకిట్లో ముగ్గు మీద పడితే, ఆ తగువు తీర్చే సూత్రం ఈ శాస్త్రంలో లేదు.