‘ఇనుము రెండు, ఉప్పొకటి’: సటీకా తాత్పర్యము

అవతారిక: రాయపూర్ నుండి ఖారున్ నది దాటి భిలాయికి పోవు త్రోవలో కుమ్హారి కలదు. అచట ఒక తెలుగువారి నట్టింట, ఆదివారపు మధ్యాహ్నము, చాపమీద మధ్యధరా సముద్రము పరచియున్నది. 1980లో ఫ్రాన్సిస్ ట్రెషమ్ కల్పించిన ‘సివిలైజేషన్’ ఆటకు 1991లో వచ్చిన పెద్దరూపమిది. ఈజిప్టునేలు బావమరిది, బాబిలోను నేలు బావతో పలికిన వాక్యము:

మూలము: “ఇనుము రెండు, ఉప్పొకటి ఇచ్చేస్తా. ధాన్యం మూడిస్తావా బావా?”

టీక: ఇనుము రెండు = నిజముగనే రెండు ఇనుపచీట్లు. బేరమాడినచో ఇరువైపుల కనీసము మూడేసి చీట్లు మారవలె. ఎన్ని చీట్లో, అందు రెండేవో సత్యము పలుకవలె. ఉప్పొకటి = మూడవ చీటి. దీనికి సత్యనియమము లేదు గాన, ‘ఉప్పు’ అనుదానికి ఇచట ఉప్పు తప్ప సమస్తార్థములును చెల్లును. ప్రకృతార్థము ‘నమ్మకద్రోహము’ అను ఉపద్రవపు చీటి. ద్రోహమును ఉప్పు పేర వడ్డించుటలో కవి గడుసుదనము చూడదగును. ఇచ్చేస్తా = వదిలించుకొందును. బావా = వాక్యమునకు ప్రాణము. చీట్లు బాగున్నచో ఈ సంబోధన అక్కరలేదు.

తాత్పర్యము: బావా, చవకసరుకు రెండంటగట్టి నీ ధాన్యము పట్టుకుపోదును. ఉపద్రవముల వేళ నీ నగరమొకటి తీసి నాది పెట్టుకొందును. ఊఁ అనుము.

విశేషము: ఈ ఆటలో ఇనుము విలువ రెండే, బంగారము తొమ్మిది. 1959లో భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు అంటుకొన్నది మొదలు ఇనుముమీదనే అన్నము తినుచున్న సీమలో ఈ మాట చెవినబడరానిది. రైల్ మిల్లులో రిటైరైన మామయ్య చీటిని వెలుగుకు పట్టి చూచి, “రెండా? ఈ ఆట రాసినోణ్ని దల్లీ రాజ్‌హరా గనికి తీసుకెళ్లండ్రా” అనిరి. జేగురు విలువ ఒకటేనని తెలియగా, “అదీ ఇనప మన్నే కదరా” అని మరింత నొచ్చుకొనిరి. సమాధానము: ఒకే సరుకు చీట్ల సంఖ్యను దానితోనే హెచ్చించి, పిదప విలువతో గుణింతురు. ఇనుము ఐదు కూడిన 50. బంగారము రెండు కూడిన 36. మామయ్య వ్రేళ్లమీద లెక్కించుకొని, మరల టీ అడిగిరి.

ఆక్షేపము: నగరము పోగొట్టుకొన్న బావ దీనిని తొండి యనెను. అది పొసగదు. తొలి రెండు మాటలును సత్యములే కదా! పైగా ఈ ఆటలో పాచికలు లేవు. శకునిని తిట్టుకొను సుఖమును లేదు. తిట్టదగినవాడు ఎదుట కూర్చుండి మిక్చరు నములుచున్నాడు.

పాఠాంతరము: ‘బావా’ యనుచోట ‘బావగారూ’ అని కొందరు చదువుదురు. అది ప్రక్షిప్తము. ‘గారూ’ అని వినబడినచో బావ చీట్లు తొడక్రింద దాచియుండును.