గోటితో పోయేదానికి ఫోటోషాప్

మా బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం ఎంత తప్పనిసరో, కంప్యూటర్ కొన్న ఇంటికి ఫోటోషాప్ అంత తప్పనిసరి. మొదటిదానికి అమ్మవారి గుడికి పోవాలి, టికెట్ తీసుకోవాలి, వరుసలో నిలబడాలి. రెండోదానికి అంత శ్రమ లేదు. ఒక మేనల్లుడు, ఒక పెన్‌డ్రైవ్ ఉంటే చాలు.

మొన్న వసంత పంచమికి మా మనవరాలికి అక్షరాభ్యాసం చేయించాం. ఫోన్‌లో తీసిన ఫోటో ఒకటి చక్కగా కుదిరింది. పిల్ల చేతిలో బలపం, ఒళ్లో పలక, ముందు పళ్లెంలో పసుపు అక్షింతలు, చెంప మీద వాళ్లమ్మ పెట్టిన దిష్టిచుక్క. ఎడమ పక్క నుంచి మాత్రం ఎవరిదో మోచేయి దూరింది. వసంత పంచమినాటి రద్దీ ఎరిగినవాళ్లెవరూ ఆ మోచేతిని తప్పుపట్టరు. దాన్ని కత్తిరించాలి, కాస్త వెలుతురు పెంచాలి, కింద ‘అక్షరాభ్యాసం’ అని రాసి ప్రింటు తీయించాలి. పని ఇంతే.

“మామా, నీ కంప్యూటర్ల ఫోటోషాప్ లేదా?” అన్నాడు భైంసా నుంచి వచ్చిన మా చెల్లె కొడుకు. ఇంట్లో పొయ్యి లేదా అని అడిగినట్టుంది ఆ గొంతు.

“లేదురా.”

“మరి కంప్యూటర్ ఎందుకు మామా? ఏం ఫికర్ చెయ్యకు. పెన్‌డ్రైవ్‌ల ఉన్నది, ఏసిస్త.”

వేశాడు. 7.0 వెర్షన్. అది అమెరికాలో విడుదలైంది 2002లో. మన దగ్గర ఇప్పటికీ వంశపారంపర్యంగా, మామ నుంచి అల్లుడికి, అల్లుడి నుంచి పక్కింటి పిల్లగాడికి సంక్రమిస్తూనే ఉంది. అందులో ఒక చిన్న కాగితం లాంటి ఫైలు. తెరిచి చదివితే మొదటి వాక్యమే: ముందు యాంటీవైరస్ బంద్ చేయండి. గోడ దూకబోయే దొంగ, కాస్త కుక్కను కట్టేయండి అని ఇంటాయనకు చీటీ పంపినట్టు. మావాడు కట్టేశాడు కూడా.

“ఇది దొంగ సరుకు కదరా?” అన్నాను. కాపీరైటు చట్టంలో 63బి సెక్షన్ ఒకటుంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే వారం రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే కోర్టు దయ తలచి, జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలేయవచ్చు. ఇదంతా చెప్పాను. “బాసరల ఎవడొస్తడు మామా పట్టుకోనీకి?” అన్నాడు. చదువుల తల్లి గుడికి కూతవేటు దూరంలో కూర్చుని అన్నాడు ఈ మాట.

ఇక ఎడిటింగ్ మొదలైంది. ఆ 7.0 వెర్షన్‌తో కొత్తగా వచ్చిన వింత, హీలింగ్ బ్రష్. చుట్టుపక్కల చర్మం తీరు చూసుకుని మచ్చను కనబడకుండా కప్పేస్తుంది. మావాడు దాన్ని తీసుకుని మొట్టమొదట దిష్టిచుక్కను తుడిచేశాడు. “మచ్చ పోయింది మామా!” అన్నాడు. ఊరి కళ్లన్నీ పడకుండా కన్నతల్లి కాటుక పెడితే, అల్లుడు దాన్ని జబ్బు కింద లెక్కేసి నయం చేశాడు.

తర్వాత ఆటో కలర్ నొక్కాడు. అదీ ఆ వెర్షన్‌తో వచ్చిందే. ఫోటో నిండా ఏదో ఒక రంగు ఎక్కువగా కనిపిస్తే అది దీపం వెలుతురు వల్ల వచ్చిన దోషమనుకుని తగ్గించడం దాని పని. బాసరలో దానికి దొరికింది పసుపు! అమ్మవారి విగ్రహానికే పసుపు పూసి ఉంటుంది, ఆ పసుపునే ప్రసాదంగా నాలుక మీద పెట్టుకుంటే విద్య వస్తుందని జనం నమ్మకం. ఆ మీట ఒక్క దెబ్బకు అక్షింతలు రేషన్ బియ్యమయ్యాయి.

“పిల్లను జర తెల్లగ చేయనా మామా?” అని ఆ తర్వాత అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఇంటావిడ వంటింట్లోంచి వచ్చింది. “నల్లగున్నదని నీకెవడు చెప్పిండ్రా?” అంది. ఆ సంభాషణలో మిగతా భాగం పత్రికలో వేయదగింది కాదు.

అన్నిటికన్నా ఘనకార్యం చివర జరిగింది. కింద ‘అక్షరాభ్యాసం’ అని కొట్టాడు. తెర మీద ‘అక్‌షరాభ్‌యాసం’ వచ్చింది. ఆ పాత వెర్షన్‌కు యూనికోడ్ తెలుగులో ఒత్తులు కలపడం రాదు. ఏళ్ల తరబడి ఫ్లెక్సీలవాళ్లు, డీటీపీవాళ్లు అను ఫాంట్లతో నెట్టుకొచ్చింది ఇందుకే. వాటిలో ప్రతి తెలుగు అక్షరం ఒక ఇంగ్లీషు అక్షరం వేషంలో దాక్కున్న బొమ్మ. కొత్త వెర్షన్లలో తెలుగు కుదురుతుంది, అయితే 2013 తర్వాత దాన్ని తయారుచేసే కంపెనీ కొత్త వెర్షన్లను అమ్మడం మానేసి నెలనెలా అద్దెకిస్తోంది. నాలుగేళ్ల పిల్ల మట్టసంగా ‘ఓం’ రాసిన పలక పక్కన, ఆ మహా యంత్రం ‘క్ష’ రాయలేక చతికిలబడింది.

ఫోటోషాప్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. దాన్ని కట్టినవాళ్లు నోల్ సోదరులు. అన్న థామస్ మిషిగన్‌లో పరిశోధన విద్యార్థి, తమ్ముడు జాన్ సినిమాల్లో మాయలు చేసే సంస్థలో ఉద్యోగి. 1990లో మొదటి వెర్షన్ వచ్చింది. సినిమా పోస్టర్లకు, పత్రిక ముఖచిత్రాలకు, పెళ్లి ఆల్బమ్‌లకు దానికి సాటి లేదు. నిజామాబాద్‌లో ఆల్బమ్ డిజైన్ చేసి బతికేవాడు డబ్బు కట్టి దాన్ని వాడితే నేను చేతులెత్తి మొక్కుతాను. నా కోపమంతా మోచేయి కత్తిరించడానికి దాన్ని దొంగిలించే మా ఇళ్ల మీద. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. ఆ అస్త్రమైనా తపస్సు చేసి తెచ్చుకున్నది కాదాయె.

మా జిల్లా కేంద్రం నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లు పొనికి కర్ర వాడతారు. తేలిక కర్ర, మెత్తన. దాన్ని చెక్కడానికి టేకు దుంగలు కోసే రంపం ఎవరూ పట్టుకురారు. వ్యాసుడు కూడా గోదావరి ఇసుక మూడు పిడికిళ్లు తెచ్చి ముగ్గురమ్మలను నిలిపాడని మా బాసర స్థలపురాణం. సరంజామా అంతే.

ఇంటి కంప్యూటర్‌కు కావలసింది కత్తిరించడం, వంకర సరిచేయడం, వెలుతురు పెంచడం, నాలుగు అక్షరాలు రాయడం. విండోస్‌తో ఊరికే వచ్చే ఫోటోస్, పెయింట్ ఇవన్నీ చేస్తాయి. మనం వెక్కిరించే ఆ పెయింట్‌కు 2023లో లేయర్లు, వెనకటి దృశ్యం తీసేసే మీట కూడా వచ్చాయి. ఇంకా కావాలంటే జింప్ ఉంది. 1995లో బర్క్లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు. ఉచితం, పైగా చట్టబద్ధంగా ఉచితం. తెలుగు ఒత్తులు ఒద్దికగా కలుస్తాయి. మెనూలు మొదట్లో చిరాకు పెడతాయి, ఒక గుండ్రటి గీత గీయడానికి కూడా దారి వెతుక్కోవాలి, ఒప్పుకుంటాను. ఊరి పక్కనే 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది, వేల మంది పిల్లలు చదువుతున్నారు. దారి అడిగితే వాళ్లలో ఒకరైనా చెప్పకపోరు.

ఇదంతా నేను మావాడికి చెప్పేలోపే వాడు సేవ్ కొట్టాడు. అసలు ఫోటో మీదే. ఫోన్‌లో జాగా లేదని అప్పటికే అక్కడ తీసేశాం.

దిష్టిచుక్క లేని, పసుపు లేని, ఒత్తులు విడిపోయిన పిల్ల ఒక్కతే మిగిలింది.

రెండు రోజులు ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. మూడో రోజు మా చెల్లె ఫోన్ చేసింది. పండగనాడే వాట్సాప్‌లో పంపిన కాపీ తన దగ్గర ఉందట. వాట్సాప్ దాన్ని కుదించి పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్లు చేసింది. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ప్రింటుకు అది సరిపోతుంది, అంగుళానికి 260 పైచిలుకు వస్తాయి. జింప్‌లో తెరిచి మోచేయి కత్తిరిస్తే కొన్ని పిక్సెళ్లు పోయాయి, అయినా ప్రింటు బాగానే వచ్చింది. కింద తెలుగు రాయడంతో కలిపి ఇరవై నిమిషాల పని.

వచ్చే వసంత పంచమికి బాసర వచ్చేవాళ్లకు ఒక మనవి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా వాడుకోండి, మీ ఇష్టం. మేనల్లుడి చేతికిచ్చే ముందు మాత్రం ఫోటో ఇంకెవరికైనా ఒకరికి పంపి ఉంచండి.