దారితప్పిన బిడ్డను గుడికి లాక్కొచ్చే పద్ధతి

ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యండి. తిన్నావా, పడుకున్నావా అంటూ నాన్చొద్దు. "ఏరా, పూజకెళ్ళావా?" తోనే మొదలుపెట్టాలి. "ఇప్పుడే లేచానమ్మా" అంటే ఏమీ అనకుండా ముక్కు చీదండి. ఫోన్లో అది బాగా వినిపిస్తుంది.

"నాకు నమ్మకం పోయిందమ్మా" అని నోరు తెరిచి చెప్పాడనుకోండి. ఎందుకని మాత్రం అడక్కండి. అడిగితే చెబుతాడు, వినాల్సొస్తుంది. హైదరాబాద్ పంపడమే తప్పని మీరే తేల్చేయండి.

పునీత మోనికమ్మ మనకు ఆదర్శం, కావలసినంత మేరకే. కొడుకు అగస్టీన్ 383లో ఆమెకు అబద్ధం చెప్పి, కార్తేజ్‌లో ఓడెక్కి రోముకు పారిపోయాడు. ఆమె సముద్రం దాటి మిలాన్ దాకా వెంటపడింది. 387లో అతను జ్ఞానస్నానం పొందాడు. వాడితో మాట్లాడమని అంతకుముందెప్పుడో ఆమె బతిమాలితే, ఒక బిషప్పుగారు కదిలించొద్దు, ప్రార్థన చేసుకోమన్నారు. ఆ ముక్క దాటేయండి. మనకు పనికొచ్చేది ఓడ ఒక్కటే. కాబట్టి వాడు డాలస్‌లో ఉంటే అక్కడికే టికెట్ తీయండి, చెప్పాపెట్టకుండా.

ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల ఉత్సవాలు. మరియమ్మకు తలనీలాలు మొక్కుకోండి. మీవి కాదు, వాడివి. జుట్టు ఊడిపోతోందని వాడు మందులు రాసుకుంటుంటే మొక్కు మరీ గట్టిది. సంగతి కొండ దగ్గరికొచ్చాక చెప్పొచ్చు.

మనవరాలు పుడితే పని ఇంకా సులువు. కూతురూ అల్లుడూ ఆఫీసుకెళ్ళాక, తలంటుతూ పితపుత్ర పవిత్రాత్మ నామమున మూడు చెంబులు పోసేయండి. ప్రాణాపాయం లేనప్పుడు తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఒప్పుకోవాలని 1983 నాటి చర్చి చట్టం 868వ నిబంధన అంటోంది. అది ఫాదర్‌గారికి తెలుసు, అందుకే ఆయనకు చెప్పొద్దు. పేరు తెరెసా అని పెట్టుకోండి, మీలో మీరే పిలుచుకోవచ్చు.

తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి తొందరపడ్డాడు. కొడుకు అల్లంత దూరాన ఉండగానే పరుగెత్తాడు, వాడి మాట పూర్తికాకుండానే విందుకు పురమాయించాడు. మీరు గుమ్మంలోనే ఆపి, పాపసంకీర్తనం చేసి ఎన్నాళ్ళయిందో అడగండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది క్రిస్మస్‌కు. ఇంటికొచ్చినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, "రాత్రి పూజకు నేనూ వస్తానమ్మా, నీకోసం" అంటాడు. కరిగిపోకండి. "నాకోసమైతే రానక్కర్లేదు" అనండి. చొక్కా విప్పి మళ్ళీ పడుకుంటాడు. మీ మాటే నెగ్గింది. ఇక ఆలస్యం చెయ్యకుండా బయల్దేరండి, లేకపోతే స్తంభం వెనకాల బెంచీయే మిగులుతుంది.