బొర్రా వెళ్లే విద్యార్థికి ఉచిత సలహాలు

కొండమీద ఒక గిరిజన కుటుంబం ఇంట్లో రెండు రాత్రులు ఉండబోతున్నావు కనుక, నాయనా, ముందు సామాను సంగతి చూడు. చక్రాల సూట్‌కేసు పెద్దది తీసుకో. ఆరు జతల బట్టలు, పాటలకు స్పీకరు, రెండు పవర్‌బ్యాంకులు, ఒక డబ్బా నూడుల్స్ పెట్టుకో. టార్చిలైటు, గొడుగు, దుప్పటి మాత్రం వద్దు. అవి ఆ ఇంట్లో ఉంటాయి. ఉన్నది ఒక్కొక్కటే అయినా చుట్టం నువ్వు కనుక నీకే ఇస్తారు. డిసెంబరు చలిలో దుప్పటి లేకుండా ఎవరు పడుకున్నారో పొద్దున్న అడగకు.

రైల్లో వెళ్లడమే మేలు. విశాఖపట్నంలో ఉదయం ఏడు కొట్టకముందే కిరండూల్ బండి కదులుతుంది. 2017లో దీనికి అద్దాల కప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించారు. అందులో కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఫోన్ తెర మీద ఎండ పడకుండా ఉండే వైపు తిప్పుకో. కొత్తవలస–కిరండూల్ లైనులో 58 సొరంగాలు ఉన్నాయంటారు. ప్రతి సొరంగంలోనూ అరవాలి. బోగీలో చంటిపిల్ల నిద్రపోతుంటే మరికాస్త గట్టిగా అరవాలి. దారిలో ఎక్కడైనా గూడ్సుబండి కోసం నీ బండిని ఆపితే స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్లి ప్రయాణికులు ముఖ్యమా రాళ్లు ముఖ్యమా అని నిలదియ్యి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాను పంపడానికే 1960లలో ఈ లైను వేశారన్న సంగతి ఆయనకు తెలుసు. అందుకే జవాబు చెప్పడు, నవ్వుతాడు.

దిగాల్సిన స్టేషను పేరే ‘బొర్రా గుహలు’. నిన్ను తీసుకెళ్లడానికి ఇంటి యజమాని వచ్చి నిలబడి ఉంటాడు. బేరానికి అదే సరైన చోటు. ఫోన్లో ఒప్పుకున్న డబ్బు అక్కడ తగ్గించమని అడుగు. తిరుగు బండి సాయంత్రానికి గానీ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా నువ్వు వెళ్లిపోతానని బెదిరించు. 2024లో కేంద్రం గిరిజన ఊళ్లలో వెయ్యి హోంస్టేలకు సాయం ప్రకటించింది, కొత్తగా కట్టుకుంటే 5 లక్షల దాకా, ఉన్నది బాగుచేసుకుంటే 3 లక్షల దాకా ఇస్తామంది. ఆ వార్త చదివి ఉంటే ఇప్పుడు పనికొస్తుంది. ‘మీకు గవర్నమెంటు లక్షలిస్తోంది గదా’ అను. ఆ లక్షల్లో ఈ ఇంటి గుమ్మం దాకా ఎంత వచ్చిందన్న ప్రశ్న నీ ప్రాజెక్టు పరిధిలోకి రాదు.

ఇక్కడ మా పిన్ని కొడుకు గురించి చెప్పకుండా ఉండలేను. లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. విదేశీ విద్యార్థుల్ని వారాంతాల్లో ఇంగ్లీషువాళ్ల ఇళ్లకు పంపే హోస్ట్‌ యూకే అనే సంస్థ ఉంది. ఇంటివాళ్లు డబ్బు తీసుకోరు, సరదాకొద్దీ పిలుస్తారు. వాడు ఒక పల్లెటూళ్లో ముసలి దంపతుల ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు వారం రోజులు ఏం పట్టుకెళ్లాలా అని మథనపడి చివరికి కొండపల్లి బొమ్మ పట్టుకెళ్లాడు. భోజనం అయ్యాక గిన్నెలు కడిగాడు. వాళ్ల కుక్కను వానలో తిప్పాడు. ఉప్పూ కారం లేని బంగాళాదుంపను రెండోసారి వడ్డించుకుని బాగుందన్నాడు. తిరిగొచ్చాక ఉత్తరం కూడా రాశాడు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు తియ్యనివాడు! ఇదంతా ఇంగ్లండుకు సంబంధించిన మర్యాద. వీసాతో పాటు వస్తుంది, అనంతగిరి ఘాటు ఎక్కేటప్పుడు దింపేసుకోవచ్చు.

ఇంటికి చేరగానే వేణ్నీళ్లు అడుగు. పూటకోసారి అడుగు. కొండ ఊట నుంచి బిందెతో ఆ నీళ్లు తెచ్చేది ఎవరు, కట్టెలు కొట్టుకొచ్చేది ఎవరు అని చూస్తూ కూర్చుంటే స్నానం మీద మనసు నిలవదు. ‘బాబూ, చోడి అంబలి తాగుతావేటి?’ అని ఇంటావిడ అడుగుతుంది. వద్దని చెప్పి బొంగు చికెన్ అడుగు. గుహల బయట పచ్చి వెదురుబొంగుల్లో మసాలా కూరిన కోడిముక్కలు పెట్టి, మూతికి ఆకులు దోపి, నిప్పుల మీద కాల్చి అమ్ముతారు. అరకు అంటే అదే అని నీకు తెలుసు. ఆ ఇంట్లో రోజూ అదే వండుకుంటారనుకో. సామలన్నం, వెదురు కొమ్ముల కూర, పనసకాయ లాంటివి పెడితే అవి నీకోసం చేసినవి కావని, మిగిలినవని అర్థం చేసుకో.

కాఫీ విషయంలో మాత్రం రాజీపడకు. ఇంటి వెనక సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్లకు పాకిన మిరియాల తీగలు చూశావు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పేరుతో 2017లో పారిస్‌లో కొట్టే పెట్టారు. అలాంటి ఇంట్లో నీకు స్టీలు గ్లాసులో టీ ఇస్తారు. ఘోరం! కాఫీ పండించేవాళ్లకు కాఫీ తాగడం తెలియదని స్టేటస్ పెట్టు. పండు కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది, నువ్వు వెళ్లేది సరిగ్గా అప్పుడే. ఇంటిల్లిపాదీ తోటలో ఉంటారు. యజమాని పనికి వెళ్తానంటే ఒప్పుకోకు. డబ్బు కట్టింది నువ్వు, చెట్టున పండిన కాఫీ కాదు. ఆయన సంతకు వెళ్లాల్సిన రోజైతే చెప్పనే అక్కర్లేదు, వచ్చే వారం సంత ఎలాగూ ఉంటుంది.

సాయంత్రం ధింసా. ‘మామ్మా, ఒక్కసారి ఆడి చూపించవా’ అని మంచం మీద కూర్చున్న ముసలమ్మను అడుగు. ధింసా ఒక్కరే ఆడేది కాదు. చేతులు ఒకరి వెనక ఒకరు పెనవేసుకుని ఊరి ఆడవాళ్లంతా వరసగా కదలాలి. డప్పు, తుడుము, మోరి, కిరిడి వాయించేవాళ్లు కావాలి. పెళ్లో పండగో ఉండాలి. ఇవన్నీ ఆవిడ చెప్పబోతుంది. అప్పటికి నీ రీల్ సమయం అయిపోతుంది కనుక ఆవిడ చేతుల మీది పచ్చబొట్లు దగ్గరగా తీసి ‘అంతరించిపోతున్న సంస్కృతి’ అని రాసెయ్యి. ఆవిడ మనవరాలు డిగ్రీ చదువుతోందని, ఆ రీల్ ఆ అమ్మాయి ఫోన్లోనూ కనిపిస్తుందని నీకు తట్టకపోవడమే మంచిది.

చైత్రమాసంలో వెళ్తే ఇటుకల పండగ తగులుతుంది. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర పట్టుకుని పండగ డబ్బులు అడుగుతారు. వెంటనే పోలీసులకు ఫోన్ చెయ్యి. మామిడి చెట్టు కింద నిలబడి కాయ కోసుకో. ఊరు ‘కొత్త’ జరుపుకుని దేవతకు పెట్టేదాకా తామే నోట పెట్టని కాయను నువ్వు కొరికితే వాళ్లకు నీ ధైర్యం అర్థమవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో అయితే వలిసె పూలు. ఆ పసుపుపచ్చని చేలలో పడుకుని ఫొటో దిగాలి. చేనివాడు మనిషికి ఇంత అని వసూలు చేస్తే దోపిడీ అను. వలిసెలు నూనెగింజ పంట అని, నువ్వు పడుకున్నంత మేర ఈసారి గింజ రాదని లెక్కలు చెబితే వినకు.

ఇక గుహలు. గైడు అక్కర్లేదు. గైడుంటే శివపార్వతులని, ఋషి గడ్డమని, మొసలని ప్రతి రాయికీ ఒక పేరు చెబుతాడు, మన తల మీదుగానే రైలు పోతుందని కూడా చెబుతాడు. నీకు కావలసింది చేత్తో తాకి చూడటం. సున్నపురాయిని కరిగించుకుంటూ వచ్చిన నీటిచుక్క, కప్పు నుంచి వేలాడుతూ, రాలేముందు రవ్వంత సున్నం వదిలి పోతుంది. కింద పడ్డచోట ఇంకో రవ్వంత. అలా కిందికి ఒకటీ పైకి ఒకటీ పెరుగుతాయి. వందేళ్లకు వేలెడు పెరిగితే గొప్ప. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం సరిగా పట్టదు. కనుక అందినంతమేర నిమురు, నీ తరువాత వచ్చే వెయ్యేళ్లకు నీ సంతకం మిగలాలి. నిజం సంతకం కూడా చెయ్యాలనిపిస్తే మేకు పట్టుకెళ్లు.

రికార్డు బుక్కులో ‘బొర్రా గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ కనిపెట్టెను’ అని రాయి. ఎక్కడ చదివినా అలాగే ఉంటుంది. ఆ సర్వే సంస్థ పుట్టిందే 1851లో కదా అని అడ్డుప్రశ్న వేసుకోకు, దిద్దే మాష్టారూ అక్కడే చదివారు. ఊరివాళ్ల కథలో దొర లేడు. మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడింది, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగంలాంటి రాయి కనబడింది, పొదుగులా వేలాడే రాయి నుంచి ఏరు పుడుతోంది కనుక అది గోస్తని అయింది. శివరాత్రికి ఇప్పటికీ అక్కడ తీర్థం జరుగుతుంది. ఈ కథను ‘మూఢనమ్మకాలు’ అన్న శీర్షిక కింద వెయ్యి. తేదీ లేదు కనుక అది కట్టుకథ, తేదీ ఉంది కనుక ఇది చరిత్ర, తప్పుడు తేదీ అయినా సరే.

తాగిన నీళ్లసీసా ఆ ఏట్లోకే విసురు. గోస్తని ఇక్కణ్నుంచి దిగి తాటిపూడి జలాశయంలోకి వెళ్తుంది, ఆ తరువాత భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖ నగరానికి అందుతాయి, నీ హాస్టలు కొళాయిలోకి కూడా రావచ్చు. నువ్వు పారేసింది నీ దగ్గరికే వస్తుంది, మధ్యలో ఎవరికీ నష్టం లేదు.

రెండోరోజు మధ్యాహ్నానికి ఆ చోటు నీకు నచ్చేస్తుంది. అప్పుడు నాన్నగారికి ఫోన్ చెయ్యాలి. సిగ్నలు ఇంట్లో అందదు, ఇంటివాళ్ల పిల్లాడు నిన్ను వెనకాల దిబ్బ మీదికి తీసుకెళ్తాడు. ‘డాడీ, ఎకరం తీసుకుని రిసార్టు కడదాం, వీళ్లనే పనికి పెట్టుకుందాం’ అని గట్టిగా మాట్లాడు. దిబ్బ కింద అడ్డాకులు కుడుతూ ఒక పెద్దాయన కూర్చుని ఉంటాడు. ఆయన వింటాడు. విననీ. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం కుదరదని, 1970 నుంచీ 1/70 అనే చట్టం ఉందని ఆయనకు తెలియదని అనుకో. బొర్రా చుట్టుపక్కలే, నిమ్మలపాడు దగ్గర కాల్సైటు తవ్వుకోవడానికి ప్రభుత్వం కంపెనీకి లీజిస్తే ‘సమత’ అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో సర్కారు భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదంది. దేశమంతటా లా చదివేవాళ్లు ‘సమత కేసు’ అని బట్టీపట్టేది ఈ గుట్టల గురించే. నువ్వు లా విద్యార్థివైతే ఆ విషయం ఊళ్లో అస్సలు ఎత్తకు. సిలబసులో ఒక పేరా చదివినవాడివి, ఆ పేరాలో బతికినవాళ్ల ముందు తేలిపోతావు. బేరానికి దిగినట్టే మాట్లాడు. పెద్దాయన ఆకు మీంచి తలెత్తకుండా ‘మీ నాన్నకి దండాలు చెప్పు బాబూ’ అంటాడు. అది అంగీకారం అనుకో.

రాత్రి నెగడు దగ్గర పర్యావరణం మీద ఉపన్యాసం ఇవ్వు. పోడు వల్ల అడవి ఎంత నాశనమవుతోందో వివరించు. ఎదురుగా చెక్కముక్కలు నీ చలికోసమే కాలుతున్నాయి, పర్వాలేదు. వాళ్లు నిద్ర ఆపుకుంటూ వింటారు. తెల్లారి నాలుగింటికి లేవాల్సినవాళ్లు ఎవరో నీకు తెలుసు, ఆ లిస్టులో నువ్వు లేవు.

రివ్యూ రాయడం మరవకు. అయిదింటికి రెండు నక్షత్రాలు చాలు. కోడి నాలుగున్నరకే కూసిందని ఒకటి తగ్గించు, బాత్రూము బయట ఉందని ఒకటి. మూడోది రోడ్డు కోసం. కొండదారిలో చక్రాల సూట్‌కేసు చక్రాలు పనిచేయలేదు, ఇంటాయన నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చాడు, నీకు ఎంత ఇబ్బందిగా ఉందో వివరంగా రాయి. రోడ్డు లేని ఊళ్ల నుంచి పురిటినొప్పుల మనిషిని డోలీలో కూర్చోబెట్టి, అంబులెన్సు ఆగేచోటికి మోసుకెళ్లారని పేపర్లో పడే వార్తలు నువ్వూ చూసే ఉంటావు. ఆ రోడ్డే ఇది. రోడ్డు వేయనివాళ్లకు రివ్యూ రాసే చోటు ఎక్కడా లేదు కనుక ఇంటాయనకే రాయి.

చివరగా డబ్బు. నోట్లు పట్టుకెళ్లకు, ఇది డిజిటల్ ఇండియా. బయల్దేరేటప్పుడు ఫోను పైకెత్తి చూపించి సిగ్నల్ లేదని బాధపడు. దిబ్బెక్కితే వస్తుంది గదా అని పిల్లాడు అంటాడు. బండికి టైమైందని చెప్పు. ‘ఎస్.కోట దాటగానే పంపించేస్తా అన్నా’ అని చెప్పి ఎక్కెయ్యి. ఎస్.కోట వచ్చేసరికి సిగ్నలు నాలుగు గీతలూ ఉంటుంది, ఫొటోలు ఎక్కించడానికి అది సరిపోతుంది.