అర్ధరాత్రి అలర్టుకు టీకా తాత్పర్యము

మూలము:
క్రిటికల్ – డీబీ 02 – డిస్క్ 92% – 02:47

అవతారిక: ఆలేరులో, కాజీపేటకు పోవు రైలుపట్టాలకు కూతవేటు దూరమున, ఇంటినుండియే పనిచేయు ఒక ఉద్యోగి తలగడ క్రింద ఫోను ఈ మంత్రమును పలికెను. ఆ వారము ఆన్‌కాల్ వంతు అతనిదే.

ప్రతిపదార్థము:

క్రిటికల్ = ప్రాణగండము. ఇందు మతభేదము కలదు. సిస్‌లాగ్ మతస్థులు ఆపదకు ఎనిమిది మెట్లు కట్టి, సున్నాను పరమ ప్రమాదముగా ఎంచి, క్రిటికల్‌ను రెండు అను అంకెపై కూర్చుండబెట్టిరి. 1999లో పుట్టిన నాగియోస్ శాఖవారికి ఓకే, వార్నింగ్, క్రిటికల్, అన్‌నోన్ అని నాలుగే అవస్థలు. అందు క్రిటికల్‌ను మించిన గండము లేదు. ఏ శాఖవాడైనను మంచము దిగక తప్పదు.

డీబీ 02 = రెండవ డేటాబేసు. మొదటిది ఏమైనదని అడుగరాదు.

02:47 = తెల్లవారుజాము. ఇది ఆలేరు గడియారపు లెక్క. సర్వరు యూటీసీలో నడచును గనుక అదే క్షణము లాగులో 21:17 అని, అదియు నిన్నటి తేదీతో కనబడును. లోలోపల యంత్రము ఎరిగినది సెకన్లనే. ఆరవ విక్రమాదిత్యుడు 1076లో తన పేర చాళుక్య విక్రమ శకము నిలిపినట్లే యూనిక్స్‌వారు 1970 జనవరి 1ని శకారంభము చేసిరి. ఆలేరు పక్కనున్న కొలనుపాకను ఏలిన ఆ చాళుక్యుల కాలపు శాసనములలో తిథి, దాత, దానము, చెరిపినవానికి శాపము అని వరుస. లాగులో తిథి ఉండును, కర్త ఉండును, శాపము మాత్రము ఉండదు. అది చదువువాడే పెట్టును.

డిస్క్ 92% = స్పష్టము.

తాత్పర్యము: రాత్రి బ్యాకప్ వేళ ఈ డిస్కు 92కు ఎక్కును, పాత ఫైళ్లు చెరిగినపిదప 70కి దిగును. ప్రతి రాత్రియు ఇదే తంతు. హద్దు 90 అని పెట్టినవాడు వేరు కంపెనీకి పోయెను. కాన ఈ వాక్యము సత్యమే, నిష్ప్రయోజనము.

విశేషము: మెతుకుసీమ కొలిచెలమవాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిజ్ఞ చేసెను. మానిటరింగ్ పరికరము మొదటి సగమును తు.చ. తప్పక పాటించును, కొలవనిది ఒక్కటియు పలుకదు. రెండవ సగము దానికి మనము నేర్పవలెను. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలైన ప్రొమీథియస్ అను అట్టి పరికరములో ఇందుకు ‘ఫర్’ అను చిన్నమాట కలదు: హద్దు దాటి అరగంట నిలిచిననే పిలువుమని దాని ఆజ్ఞ. ఆ ఒక్క పంక్తి వ్రాయుటకు ఉద్యోగికి పగలు మీటింగుల నడుమ తీరిక చిక్కదు.

ఉత్తర మూలము:
ఓకే – డీబీ 02 – డిస్క్ 70% – 03:10

వ్యాఖ్య: ఇది మంగళాంతము. దీనికిని అదే మోత. ఈ మారు తల్లి కూడ లేచెను.

“ఎవలు బిడ్డా ఇంత రాత్రి?”

“సర్వరమ్మా. మంచిగున్ననని చెప్తున్నది.”

“మొన్న కాయితాలకు పోతె ఆడి సర్వరు పండుకున్నది లేవనే లేవలె. నీదేమొ పండుకోనే పండుకోదు.”