గైడు తల్లికి దండం

ఇంగ్లీషు గైడు తల్లీ, నిన్ను పొగడందే నా ఇరవయ్యేళ్ల బడి కొలువు రుణం తీరదు. జూన్‌లో పాఠ్యపుస్తకాలు మండలానికి చేరకముందే నువ్వు బస్టాండు పక్క కొట్లో సిద్ధంగా ఉంటావు. చదువురాని ఇళ్లలో, ట్యూషన్‌కు డబ్బుల్లేని ఇళ్లలో రాత్రిళ్లు పిల్లల పక్కన కూచున్నది నువ్వొక్కదానివే. ప్రతి ఇంగ్లీషు మాట కిందా తెలుగు అక్షరాల్లో పలుకు, దాని కింద అర్థం. ముప్పై అయిదు మార్కుల గట్టు చాలామందిని ఎక్కించింది నువ్వే, మేం కాదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం ఇదే.

నీ సమదృష్టి ఇంకా గొప్పది. వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ అయినా, ప్రేమ్‌చంద్ ‘ఈద్‌గాహ్’ అయినా పది వాక్యాల సమ్మరీ, చివర ఒక నీతి. తాండూరు ప్రాంతపు మాదిగవాడ బతుకును కథలు చేసిన గోగు శ్యామల పుస్తకం 2012లో ఇంగ్లీషులో వచ్చింది. రేపు ఆమె కథ పాఠమైతే దాన్నీ ఆ పదింట్లోనే సర్దగలవు. ఏ వాడ కథైనా నీ దగ్గరికొచ్చేసరికి ఒకే ఊరిదైపోతుంది.

పిల్లలకు పుస్తకం అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి అని 1990లో అమెరికా ఆచార్యురాలు రుడీన్ సిమ్స్ బిషప్ రాసింది. నువ్వూ అద్దానివే. నలభై మంది తొంగిచూస్తే నలభై మందికీ ఒకే ముఖం చూపించావు.

‘ఈద్‌గాహ్’లో హమీద్ మిఠాయిలు మానుకుని, రొట్టెలు చేసేటప్పుడు వేళ్లు కాల్చుకునే నానమ్మ అమీనాకు పట్టకారు కొంటాడు. ఆ పాఠం చెప్పిన ఏడాది, హమీద్ ఎలాంటివాడని అడిగితే ఒక అమ్మాయి తన నానమ్మ గురించి రాసింది. చేతులనిండా బొబ్బలట. తను ఇంకా ఏమీ కొనలేదట. తప్పుల ఇంగ్లీషులో మూడే వాక్యాలు. నా చేతిలో ఎర్ర పెన్ను, బుర్రలో నువ్వు. మూడూ కొట్టేసి పక్కన రాశాను: హమీద్ దయగల పిల్లవాడు. అది నీ వాక్యమే తల్లీ, అక్షరం పొల్లుపోలేదు.

ఆ అమ్మాయి బుద్ధిగా నేర్చుకుంది. పరీక్షలో అదే రాసింది. పూర్తి మార్కులు వేశాను.